గన్ నడుం మీద ఎక్కడ పెట్టుకోవాలి? ముందు రోజుకి ఎన్నిసార్లు తీస్తారో లెక్కేస్కోండి

డల్లాస్ చుట్టుపక్కల మనవాళ్ళు నలుగురు ఒకచోట చేరి గన్ టాపిక్ ఎత్తితే మాట ఎప్పుడూ ఒకే దారిలో పోతుంది. గ్లాక్ 19 మంచిదా సిగ్ పి365 మంచిదా, 9 ఎంఎం తూటా సరిపోద్దా ఇంకా పెద్దది కావాలా, పైన గురి చూసే డాట్ సైట్ పెట్టించాలా వద్దా, రెండు గంటలు ఇదే. సరే కొన్నావు, దాన్ని ఒంటి మీద ఎక్కడ పెట్టుకుని తిరుగుతావురా అంటే మాత్రం "ఏముంది, నడుం దగ్గరే కదా" అనేసి బిర్యానీ వైపు వెళ్ళిపోతారు. నడుం అంటే ముప్పై ఆరో ముప్పై ఎనిమిదో అంగుళాల చుట్టుకొలత బాబూ, అందులో ఏ అంగుళం అనేదే అసలు ప్రశ్న. గన్ మోడల్ కంటే పెద్ద ప్రశ్న అని నా గట్టి అభిప్రాయం.

నేను చెప్పదల్చుకుంది ముందే చెప్పేస్తా, తర్వాత కావాలంటే కొట్లాడుకుందాం. యూట్యూబ్ ట్రైనర్లు పొజిషన్ గురించి మాట్లాడేటప్పుడు ఎంత స్పీడుగా బయటికి తీయొచ్చు అనేది కొలతగా పెడతారు. నా కొలత వేరే. పొద్దున పెట్టుకున్న గన్‌ని రాత్రి సేఫ్‌లో పెట్టేదాకా మధ్యలో ఎన్నిసార్లు తీయాల్సొస్తుంది, సర్దాల్సొస్తుంది, ముట్టుకోవాల్సొస్తుంది? ఆ లెక్క సున్నాకి ఎంత దగ్గరగా ఉంటే ఆ పొజిషన్ నీకు అంత మంచిది. ఎందుకంటే ప్రాణం మీదికొచ్చి గన్ తీయాల్సిన రోజు చాలామందికి జీవితంలో రానే రాదు, కానీ కార్లో కూర్చోవడం, బాత్రూంకి వెళ్ళడం, పిల్లాణ్ణి ఎత్తుకోవడం, కింద పడ్డ తాళాలు వంగి తీసుకోవడం రోజూ ఉంటాయి, పొరపాటున పేలేదీ ఎక్కడో మర్చిపోయేదీ ఈ మామూలు పనుల మధ్యలోనే.

ఇంకా ముందుకెళ్ళే ముందు ఒక మాట, ఇది అందరికీ కాదు. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్‌లో ఒలేతే అనే ఊళ్ళో బార్‌లో కూర్చున్న మన తెలుగు ఇంజనీర్‌ని, మా దేశం వదిలిపొమ్మని అరిచి మరీ కాల్చి చంపాడు ఒకడు. అప్పట్నుంచీ నాకు తెలిసిన చాలామంది ఇళ్ళల్లో గన్ మాట మొదలైంది, భయం నిజమే, కాదనను. కానీ హెచ్‌-1బి మీదా, స్టూడెంట్ వీసా మీదా ఉన్నవాళ్ళకి అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం గన్ గానీ తూటా గానీ దగ్గర ఉంచుకోవడమే నేరం. హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు లాంటిది ఒకటుంది, దాన్ని పట్టుకుని చొక్కా కింద పెట్టుకు తిరిగే ప్లాన్ వేసేముందు లాయర్‌కి డబ్బులిచ్చి అడగండి, ఫ్రెండ్‌ని అడక్కండి. గ్రీన్ కార్డూ సిటిజన్‌షిప్పూ ఉన్నవాళ్ళ సంగతి వేరు. టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి, 21 ఏళ్ళు నిండి చట్టపరంగా అడ్డంకి లేనివాళ్ళు లైసెన్స్ లేకుండానే పెట్టుకు తిరగొచ్చు. లైసెన్స్ ఇప్పటికీ ఇస్తారు, క్లాసూ పరీక్షా ఉంటాయి, తీసుకుంటేనే మంచిది అంటాను నేను.

కానీ ఆ పరీక్షలో ఏముంటుందో చూడండి. మూడు, ఏడు, పదిహేను గజాల నుంచి కాగితం బొమ్మ మీద 50 రౌండ్లు కాల్చాలి, అంతే. హోల్‌స్టర్ లోంచి, అంటే గన్ పెట్టుకునే ఒర లోంచి, తీయమని అడగరు, మళ్ళీ అందులో పెట్టమనీ అడగరు. మామూలు షూటింగ్ రేంజ్‌కి వెళ్ళినా చాలా చోట్ల హోల్‌స్టర్ లోంచి తీసి కాల్చడానికి ఒప్పుకోరు. అంటే ప్రమాదం ఎక్కువగా ఉన్న పని ఏదో ఆ పనిని ఎవరూ నేర్పరు, ఎవరూ చూడరు, ఎవడి బెడ్రూంలో వాడు అద్దం ముందు నిలబడి నేర్చుకుంటున్నాడు. ఇప్పుడు లైసెన్సే అక్కర్లేదు కాబట్టి ఆ క్లాసు కూడా తప్పనిసరి కాదు.

పొజిషన్లని ఇక్కడ గడియారం లెక్కలో చెప్తారు. బొడ్డు 12, కుడి పక్క తుంటి ఎముక 3, వెన్నెముక 6, ఎడమ తుంటి 9. కుడిచేతి వాటం వాళ్ళకి ఇది, ఎడమచేతి వాళ్ళు తిప్పి చదువుకోండి. 12కీ 2కీ మధ్యలో, అంటే బొడ్డుకి కొంచెం కుడిగా ప్యాంటు లోపల పెట్టుకుంటే దాన్ని అపెండిక్స్ అంటారు. 3 నుంచి 4 దాకా పక్క తుంటి. పోలీసులు పైకి కనపడేలా పెట్టుకునేది కూడా దాదాపు అక్కడే. పోరంతా ఈ రెండింటి మధ్యే, మిగిలినవన్నీ చిల్లర.

అపెండిక్స్ వాళ్ళ వాదన నేను తేలిగ్గా తీసిపారేయను. చెయ్యి ముందుకే ఉంటుంది కాబట్టి త్వరగా వస్తుంది, గన్ కళ్ళ ముందే ఉంటుంది, వెనకనుంచి ఎవడూ లాక్కోలేడు, గుంపులో నిలబడ్డప్పుడు మోచేత్తో కాసుకోవచ్చు. చొక్కా బయటికి వదిలేస్తే ముందు వైపు సన్నగా ఉన్నవాడికి అసలు కనపడదు. వంగినా వెనక చొక్కా పైకి లేచి బయటపడే గొడవ లేదు. కార్లో సీట్ బెల్ట్ పెట్టుకున్నాక కూడా కాస్త చెయ్యి ఆడుద్ది. సాల్ట్ లేక్ సిటీ పోలీస్ ట్యూలర్ అని ఒకాయన 1983లో ఒక వ్యాసం రాశాడు, కత్తి పట్టుకున్నవాడు 21 అడుగుల దూరం నుంచి మీద పడటానికి సుమారు సెకన్నర చాలని, స్పీడు గురించి మాట్లాడేవాళ్ళందరూ ఆ సెకన్నరనే ముందు పెడతారు. పెట్టనీండి. కానీ రోజూ ప్రాక్టీస్ చేసేవాడికి ముందు నుంచి తీయడానికీ పక్క నుంచి తీయడానికీ తేడా సెకన్లో చిన్న ముక్క. ప్రాక్టీస్ చెయ్యనివాడికి చొక్కా చివర వేళ్ళకి చుట్టుకుని పోయే టైమే అంతకంటే ఎక్కువ. మనలో ఎంతమంది మొదటి రకమో గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.

అసలు నా అభ్యంతరం వేరే ఉంది. అపెండిక్స్‌లో పెట్టిన గన్ గొట్టం ఎటు చూస్తుంది? నిలబడితే తొడ లోపలి వైపుకి, కూర్చుంటే ఇంకా దారుణంగా తొడకీ మగతనానికీ మధ్యలోకి. అక్కడ తొడ రక్తనాళం పెద్దది ఉంటుంది, దానికి తగిలితే అంబులెన్స్ వచ్చేలోపే మనిషి పోవచ్చు. మంచి హోల్‌స్టర్‌లో ట్రిగ్గర్ పూర్తిగా మూసి ఉంటే దానంతటది పేలదు, నిజం, మొత్తం ప్రమాదం అంతా తీసేటప్పుడూ పెట్టేటప్పుడే. పెట్టేటప్పుడు చొక్కా అంచో, జాకెట్ తాడో, వేలో ట్రిగ్గర్‌లో ఇరుక్కుందా, అయిపోయింది. ఇప్పుడు అమ్ముడుపోయే గన్లలో చాలావాటికి చేత్తో వేసే సేఫ్టీ, అంటే పేలకుండా ఆపే మీట, ఉండదు, గ్లాక్‌కి అసలే లేదు. పైగా ట్రిగ్గర్ నొక్కకుండానే పేలిందంటూ సిగ్ పి320 మీద బోలెడు కేసులు నడుస్తున్నాయి, కంపెనీ మా గన్‌లో లోపం లేదంటుంది, 2024లో ఫిలడెల్ఫియాలో ఒక జ్యూరీ మాత్రం 11 మిలియన్ డాలర్లు కట్టమంది. ఎవరిది నిజమో కోర్టులు చూసుకుంటాయి, నేను మాత్రం అలాంటి అనుమానం ఉన్న దేన్నీ బొడ్డు కింద పెట్టుకోను.

హోల్‌స్టర్ లేకుండా ప్యాంట్లో దోపుకునే బ్యాచ్ కూడా ఉంది, వాళ్ళకి ప్లాక్సికో బరెస్ కథ చెప్పాలి. న్యూయార్క్ జెయింట్స్ అమెరికన్ ఫుట్‌బాల్ స్టార్, 2008 మొదట్లో సూపర్ బౌల్ ఫైనల్లో గెలిపించే క్యాచ్ పట్టినవాడు. 2008 నవంబర్‌లో మన్‌హాటన్ నైట్‌క్లబ్‌లో, ట్రాక్ ప్యాంట్ ఎలాస్టిక్‌లో గ్లాక్ దోపుకున్నాడు, అది కాలి మీదుగా జారింది, జారుతున్నదాన్ని పట్టుకోబోయాడు, పేలి తన కుడి తొడలోకే దిగింది. బతికాడు గానీ న్యూయార్క్‌లో లైసెన్స్ లేనందుకు 20 నెలలు జైల్లో ఉన్నాడు. ఇందులో ఒక పాఠం ఉంది, పడుతున్న గన్‌ని పట్టుకోకూడదు, పడనివ్వాలి. కొత్త గన్లు కిందపడితే పేలకుండా చేస్తారు, పట్టుకోబోయే చెయ్యే ట్రిగ్గర్ మీద పడుద్ది. 2018లో డెన్వర్‌లో ఒక ఎఫ్‌బీఐ ఏజెంట్ బార్‌లో డాన్స్ చేస్తూ పల్టీ కొట్టాడు, నడుం నుంచి గన్ కింద పడింది, కింద పడ్డప్పుడు ఏం కాలేదు, వంగి తీసుకోబోయినప్పుడు పేలి పక్కవాడి కాల్లోకి పోయింది. వీడియో మీలో చాలామంది చూసే ఉంటారు. ట్రైనింగ్ ఉన్నవాడి సంగతే అది.

ఇక మా బావ దగ్గరికొద్దాం. మా అక్కా బావా ఈస్ట్ టెక్సాస్‌లో హైవే పక్కన గ్యాస్ స్టేషన్ నడుపుతారు, రాత్రి పదకొండుకి క్యాష్ లెక్క చూసుకుని తాళం వేసుకుని చీకట్లో ఇంటికి డ్రైవ్ చేసేవాళ్ళు, నా ఉద్దేశంలో గన్ పెట్టుకోవడానికి మనవాళ్ళలో గట్టి కారణం ఉన్నది ఇలాంటివాళ్ళకే. బావ యూట్యూబ్ చూసి అపెండిక్స్ మొదలెట్టాడు. మనిషికి ముందు గుంటూరు భోజనం చేసిన పొట్ట ఉంది.

"ఏం బావా, కూర్చుంటే గుచ్చుకోట్లా?"

"గుచ్చుకుద్ది రా బామ్మర్దీ, అందుకే కార్ ఎక్కగానే తీసి కప్పుల హోల్డర్లో పెడతా. దిగేటప్పుడు మళ్ళీ పెట్టుకుంటా."

"కౌంటర్ దగ్గర స్టూల్ మీద?"

"అప్పుడు సొరుగులో పెడతా."

"కూలర్లో పెప్సీ కేసులు సర్దేటప్పుడు?"

"వంగలేను కదా, తీసేస్తా."

లెక్కేయండి. గొట్టం బొడ్డు కిందికి చూసే పొజిషన్‌లో, ఒక రోజులో ఇంతసార్లు తీసి ఇంతసార్లు దూర్చడం, అదీ కస్టమర్ తలుపు తీసి లోపలికొస్తున్నప్పుడు కంగారుగా. స్పీడు కోసం ఎంచుకున్న పొజిషన్, కౌంటర్ దగ్గర కూర్చున్నంతసేపూ గన్ సొరుగులో. అవసరం వచ్చిన క్షణంలో అది ఒంటి మీద లేదు, అవసరం లేనప్పుడు మాత్రం తొడ మీదికి గురి. కప్పుల హోల్డర్ సంగతి చెప్పనే అక్కర్లేదు, ఒక్కసారి గట్టిగా బ్రేక్ కొడితే అది ఎగిరి పెడల్స్ కింద పడుద్ది, అప్పుడు దాన్ని కాలితో వెతుకుతావా చేత్తో వెతుకుతావా? ఇంక కార్లోనే వదిలేసి షాపులోకి వెళ్ళడం అలవాటైతే అది దొంగకి ఇచ్చేసినట్టే, కార్లలోంచి గన్లు పోవడం ఇక్కడ రోజూ జరిగే పని.

బావకి నేను చెప్పింది 3కీ 4కీ మధ్యలో పెట్టుకోమని, తుంటి ఎముకకి కాస్త వెనక ఉండే చిన్న పల్లంలో. అక్కడ పొట్ట అడ్డం రాదు, స్టూల్ మీద కూర్చుంటే గన్ సీటు అంచు పక్కకి వేలాడుతుంది, గొట్టం కిందికీ కొంచెం వెనక్కీ చూస్తుంది, ఏదైనా తేడా జరిగినా పిర్ర కండలోకి, లేదంటే నేలలోకి. ఇది కూడా దెబ్బే, కానీ ఆ రెండు దెబ్బలూ ఒకటి కావు. కార్లో సీట్ బెల్ట్ అడ్డం వస్తుందనేది ఈ పొజిషన్‌కి నిజమైన లోపం, కూర్చుని తీయడం కష్టం, అది ఒప్పుకుంటా. కానీ కార్లో ఉన్నవాడికి గన్ కంటే మంచి ఆయుధం కాలి కింద ఉంది, నొక్కి వెళ్ళిపోవచ్చు.

రెండో లోపం వంగినప్పుడు. 4 దగ్గర పెట్టుకుని నడుం నుంచి వంగితే చొక్కా బిగిసి గన్ పిడి అచ్చు గుద్దినట్టు కనపడుతుంది. ఇక్కడివాళ్ళకి ఇది చిన్న సమస్య, మోకాళ్ళ మీద వంగు అంటారు. మనకి ఎవరింటికెళ్ళినా పెద్దవాళ్ళ కాళ్ళకి దణ్ణం పెట్టాలి, గుళ్ళో సాష్టాంగపడాలి, గృహప్రవేశంలో కింద కూర్చుని తినాలి. కాళ్ళకి దణ్ణం పెడుతుంటే వెనకున్న పెదనాన్నకి కనపడేది ఏంటో ఊహించుకోండి. దీనికి పొజిషన్ మార్చడం జవాబు కాదని నా అభిప్రాయం, అలాంటి చోటికి అసలు తీసుకెళ్ళకపోవడమే జవాబు. పంచె కట్టుకున్న రోజు మరీ, బెల్టే లేదు, దేనికి తగిలిస్తావు?

బెల్ట్ అన్నాను కదా, అందరూ గన్‌కి ఆరేడు వందల డాలర్లు పోసి మామూలు దుకాణంలో కొన్న మెత్తటి తోలు బెల్ట్ వాడతారు. గ్లాక్ 19 ఖాళీగానే ఆరువందల డెబ్బై గ్రాములు, తూటాలు నింపితే ఇంకా. ఆ బరువుకి మెత్తటి బెల్ట్ వాలిపోతుంది, వాలిన ప్రతిసారీ చెయ్యి పోయి పైకి లాగుతుంది, ముట్టుకోవద్దు అన్న నా లెక్క అక్కడే పోయింది. గట్టి బెల్ట్, ట్రిగ్గర్ మొత్తం మూసే గట్టి ప్లాస్టిక్ హోల్‌స్టర్, కైడెక్స్ అంటారే అది, తలకిందులు చేసి ఊపినా గన్ పడకూడదు. పాత తోలు హోల్‌స్టర్ నోరు మెత్తబడి లోపలికి మడత పడి ట్రిగ్గర్‌లో దూరే అవకాశం ఉంది, వాడేవాళ్ళు నెలకోసారైనా చూసుకోండి. ఇంకో పద్ధతి చెప్తా, నా దృష్టిలో దీనికంటే పెద్ద సలహా లేదు. గన్‌ని హోల్‌స్టర్‌లో టేబుల్ మీదే పెట్టేసి, హోల్‌స్టర్‌తో సహా బెల్ట్‌కి తగిలించుకోండి, రాత్రి హోల్‌స్టర్‌తో సహానే తీసి సేఫ్‌లో పెట్టండి. ట్రిగ్గర్ బయటికి కనపడే క్షణమే ఉండదు.

ఇప్పుడు ఎవరూ మాట్లాడని టాపిక్. బాత్రూం.

అమెరికన్ టాయిలెట్ల తలుపులు మోకాలి దాకా ఖాళీగా ఉంటాయని మొదట వచ్చినప్పుడు అందరం నవ్వుకున్నాం. గన్ పెట్టుకున్నవాడికి అది నవ్వులాట కాదు. 3 దగ్గర పెట్టుకున్నవాడు ప్యాంటు కిందికి దించగానే బరువుకి బెల్ట్ పక్కకి వాలిపోయి హోల్‌స్టర్ నేల మీదకి వస్తుంది, పక్క గదిలో ఉన్నవాడికి కింద ఖాళీలోంచి అది చక్కగా కనపడుతుంది. దాంతో మనిషికి వచ్చే మొదటి ఆలోచన, తీసి ఎక్కడన్నా పెడదాం అని. టిష్యూ డబ్బా మీద, ఫ్లష్ ట్యాంకు మీద, తలుపు కొక్కేనికి వేలాడదీసి. లేచి చేతులు కడుక్కుని వెళ్ళిపోతాడు, గన్ అక్కడే.

ఇది ఎక్కడో ఒకరికి జరిగిన కథ అనుకోకండి. 2015 మొదట్లో వాషింగ్టన్‌లో అమెరికా పార్లమెంట్ భవనం కాపలా కాసే పోలీసులే గన్ మర్చిపోయారు, ఒకటి సందర్శకుల సెంటర్ టాయిలెట్‌లో దొరికింది, ఇంకొకటి స్పీకర్ ఆఫీసు వైపు టాయిలెట్‌లో ఒక చిన్న పిల్లాడికి దొరికింది. 2018 ఏప్రిల్‌లో ఫ్లోరిడాలో ఒక స్కూల్ టీచర్ సముద్రం ఒడ్డున పబ్లిక్ టాయిలెట్‌లో తన గ్లాక్ వదిలేసి వెళ్ళాడు, తిరిగొచ్చేలోపు తాగి ఉన్న ఒకడు దాన్ని తీసుకుని పేల్చాడు, గోడకి తగిలింది కాబట్టి సరిపోయింది. ఆ టీచర్ పనిచేసేది ఎక్కడో తెలుసా, అదే ఏడాది ఫిబ్రవరిలో కాల్పుల్లో 17 మంది చనిపోయిన పార్క్‌లాండ్ స్కూల్లో.

ఈ విషయంలో మాత్రం అపెండిక్స్‌కి మార్కులెయ్యాలి. ప్యాంటు మోకాళ్ళ దాకా దించి బెల్ట్ మళ్ళీ పెట్టేస్తే గన్ రెండు మోకాళ్ళ మధ్య, కళ్ళ ముందే ఉంటుంది, మర్చిపోయే ప్రశ్నే లేదు. పక్క తుంటి వాళ్ళు కూడా ఇదే చెయ్యొచ్చు, కిందికి దించాక బెల్ట్ బకిల్ పెట్టేసి, మోకాళ్ళు కాస్త దూరంగా పెట్టి ప్యాంటుని బిగించి పట్టుకుంటే హోల్‌స్టర్ వాలదు. చదవడానికి సిగ్గుగా ఉందేమో, ఇంట్లో ఖాళీ గన్‌తో చేసి చూడండి, రెండుసార్లకి అలవాటైపోతుంది. ఏం చేసినా హోల్‌స్టర్ లోంచి గన్ బయటికి రాకూడదు, ప్యాంటు నుంచి హోల్‌స్టర్ రాకూడదు.

వెన్నెముక మీద, అంటే 6 దగ్గర పెట్టుకోవడం మన సినిమాల పుణ్యం. హీరో వెనక్కి చెయ్యి పెట్టి జాకెట్ కిందనుంచి తీస్తాడు, చూడ్డానికి బావుంటుంది. నిజ జీవితంలో మెట్ల మీద జారి వెల్లకిలా పడితే వెన్నుపూసకీ నేలకీ మధ్య అరకిలో పైన ఇనుము ఉంటుంది. కుర్చీలో ఆనుకుని కూర్చోలేరు, వెనకున్నవాడు చొక్కా ఎత్తితే మీకు తెలిసేలోపే లాక్కుంటాడు. దీన్ని సమర్థించే మంచి ట్రైనర్‌ని నేనింతవరకు చూడలేదు. చీలమండ దగ్గర పెట్టుకునేది రెండో గన్ ఉన్న పోలీసుకి, మనకి కాదు. జేబులో అయితే చిన్న రివాల్వర్‌కి పర్లేదు, కానీ జేబు హోల్‌స్టర్ ఉండాలి, ఆ జేబులో తాళాలూ చిల్లరా ఇంకేవీ ఉండకూడదు. చంక కింద పెట్టుకునే హోల్‌స్టర్ కోటు లేకుండా దాగదు, ఆగస్టులో టెక్సాస్‌లో కోటు వేసుకు తిరిగేవాణ్ణి చూస్తేనే అనుమానం వస్తుంది, పైగా చాలావాటిలో గొట్టం వెనకాల క్యూలో ఉన్నవాడి వైపు చూస్తుంది.

బ్యాగ్ గురించి మాత్రం తొందరగా వదలను, ఎందుకంటే అక్క నన్ను నిలదీసింది అక్కడే. "మీ మగాళ్ళకి బెల్ట్ ఉంది, జేబులున్నాయి. నేను లెగ్గింగ్స్ మీద కుర్తీ వేసుకుంటా, నా గడియారంలో పన్నెండెక్కడ మూడెక్కడ?" అంది. న్యాయమైన మాట. ఆడవాళ్ళ బట్టలు గన్ కోసమే కాదు, ఫోన్ కోసం కూడా కుట్టరు, అందుకే మార్కెట్లో గన్ జేబు ఉన్న హ్యాండ్‌బ్యాగులు కుప్పలుగా అమ్ముతున్నారు. 2014 డిసెంబర్ 30న ఐడహోలో హేడెన్ అనే ఊళ్ళో వాల్‌మార్ట్‌లో ఒక తల్లి బ్యాగ్‌ని షాపింగ్ కార్ట్‌లో పెట్టింది, కార్ట్‌లో రెండేళ్ళ కొడుకు. ఆ బ్యాగ్ గన్ కోసం ప్రత్యేకంగా చేసినదే, జిప్ ఉన్న జేబు. పిల్లాడు జిప్ తీశాడు. తల్లి అక్కడికక్కడే చనిపోయింది. ఆవిడకి గన్ కొత్త కాదు, లైసెన్స్ ఉంది, చిన్నప్పటి నుంచీ తెలిసిన కుటుంబం.

బ్యాగ్ ఒంటి మీద ఉండదు, కుర్చీకి తగిలిస్తారు, కార్ట్‌లో పెడతారు, ఎవరింటికో వెళ్తే సోఫా మీద పడేస్తారు, ఆ ఇంట్లో చాక్లెట్ కోసం ఆంటీ బ్యాగ్ వెతికే పిల్లలుంటారు. పోనీ పిల్లలు లేరనుకుందాం, మరుపు? 2023లో అమెరికా ఎయిర్‌పోర్టుల సెక్యూరిటీ దగ్గర ప్రయాణికుల దగ్గర దొరికిన గన్లు 6,737, వాటిలో నూటికి 93 తూటాలు నింపి ఉన్నవి. మా డల్లాస్ ఎయిర్‌పోర్ట్ ఆ లిస్టులో అట్లాంటా తర్వాత ఉంటుంది, ఘనత. వీళ్ళలో ఎక్కువమంది చెప్పేది ఒకటే, బ్యాగ్‌లో ఉందని మర్చిపోయాను అని. నడుంకి గుచ్చుకుంటూ ఉన్నది మర్చిపోవడం కష్టం, బ్యాగ్‌లో ఉన్నది మర్చిపోవడం సులువు. ఫైన్ వేల డాలర్లలో పడొచ్చు. మనకి ఇంకో గొడవ కూడా ఉంది, రేంజ్‌కి తీసుకెళ్ళిన బ్యాగే ఇండియా ట్రిప్‌కి సర్దుకుంటారు, అడుగున ఒక్క తూటా మిగిలిపోతుంది, ఇక్కడ ఎలాగో దాటినా అక్కడ తిరుగు ప్రయాణంలో దొరుకుతుంది. ఇండియాలో 1959 ఆయుధాల చట్టం కింద లైసెన్స్ లేని తూటా కూడా నేరమే, పోలీస్ స్టేషన్, కేసు, కోర్టు. గన్ సామాన్లకి వాడిన బ్యాగ్ ఇంకెందుకూ వాడొద్దు.

అక్కకి చివరికి కుదిరింది నడుం చుట్టూ చుట్టుకునే వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ, బెల్లీ బ్యాండ్ అంటారు, కానీ మామూలుది కాదు, ట్రిగ్గర్ దగ్గర గట్టి ప్లాస్టిక్ తొడుగు బిగించి ఉన్నది. ఉత్త గుడ్డ పట్టీ అయితే బయట నుంచి ట్రిగ్గర్ మీద ఒత్తిడి పడొచ్చు. దాన్ని కుర్తీ కింద పక్క తుంటి మీదే కట్టుకుంటుంది, షాపుకి వెళ్ళే ముందు కట్టుకుంటే ఇంటికి వచ్చాకే విప్పడం. వేసవిలో చెమటకి దురద పెడుతుందని తిడుతుంది, లోపల పల్చటి కాటన్ బనీను వేసుకుంటే కొంచెం నయం అని తనే కనిపెట్టింది. ఇంట్లో మనవలు వచ్చినప్పుడు మాత్రం నేరుగా సేఫ్‌లోకే. టెక్సాస్‌లో 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి అందేలా తూటాలున్న గన్ వదిలేస్తే నేరం, ఆ పిల్లలు కాల్చి ఎవరికైనా ప్రాణం మీదికొస్తే శిక్ష ఇంకా పెద్దది.

మీ పొజిషన్ మీకు సరిపోతుందో లేదో తెలుసుకోవడానికి సెలవు రోజు ఒకటి తీసుకోండి. తూటాలన్నీ వేరే గదిలో పెట్టి, చాంబర్, అంటే గొట్టం వెనక తూటా కూర్చునే చోటు, ఖాళీగా ఉందో లేదో రెండుసార్లు చూసి, ఖాళీ గన్ హోల్‌స్టర్‌లో పెట్టుకుని ఇంట్లోనే పొద్దుట్నుంచి రాత్రి దాకా ఉండండి. నీలం రంగు ప్లాస్టిక్ నమూనా గన్లు దొరుకుతాయి, అదైతే ఇంకా మంచిది. గిన్నెలు కడగండి, నేల మీద కూర్చుని తినండి, మెట్లెక్కండి, గ్యారేజ్‌లో కార్లో కాసేపు కూర్చోండి. చెయ్యి ఎన్నిసార్లు దాని మీదకి పోయిందో చూసుకోండి. సర్దుకోవాలనిపిస్తే హోల్‌స్టర్ ఎత్తు మార్చండి, వంపు మార్చండి, అరంగుళం జరపండి. మా బావకి 3 నుంచి నాలుగు వైపుకి కొంచెం జరపడంతోనే చాలా తేడా వచ్చింది, ఇప్పుడు కూలర్ కూడా వంగకుండా మోకాళ్ళ మీద కూర్చుని సర్దుతాడు, మోకాళ్ళ నొప్పులని నన్ను తిడుతూ.

ఐటీ ఉద్యోగాలు చేసే మన మెజారిటీ జనానికి మాత్రం ఈ లెక్క ఇంకోలా తేలుతుంది. చాలా కంపెనీలు గన్ లోపలికి రానివ్వవు. 2011లో వచ్చిన టెక్సాస్ చట్టం ప్రకారం పార్కింగ్ లాట్‌లో తాళం వేసిన సొంత కార్లో పెట్టుకోవడానికి చాలామంది ఉద్యోగులకి వీలుంది, చాలామంది అదే చేస్తున్నారు. అంటే పొద్దున ఆఫీసు పార్కింగ్‌లో స్టీరింగ్ ముందు ఇరుకుగా కూర్చుని తీయాలి, సాయంత్రం అలాగే పెట్టుకోవాలి, మధ్యలో ఎనిమిది గంటలు అది కార్లో ఒంటరిగా. పిల్లల్ని దింపడానికి స్కూల్‌కి వెళ్తే ఇంకో రూలు, పోస్టాఫీసుకి వెళ్తే ఇంకోటి, సాయంత్రం ఫ్రెండ్స్‌తో తలుపు మీద ఎర్ర 51 శాతం బోర్డు (ఆదాయంలో సగానికి పైగా మందు మీదే వచ్చే చోటని గుర్తు) ఉన్న బార్‌కి వెళ్తే లోపలికే తీసుకెళ్ళకూడదు. ఇన్ని ఆగేచోట్లు ఉన్న రోజుకి గడియారంలో ఏ అంకె దగ్గర పెట్టుకున్నా తేడా రాదు. ఆఫీసు రోజుల్లో ఇంట్లో సేఫ్‌లోనే ఉంచండి, కార్‌లో పెట్టుకోవాల్సిందే అనేవాళ్ళు సీటు కింద ఇనుప రాడ్‌కి తీగతో బిగించే చిన్న లాక్‌బాక్స్ ఒకటి కొనుక్కోండి, ముప్పై నలభై డాలర్లకి దొరుకుతుంది, గన్ హోల్‌స్టర్‌తో సహా అందులో పడుతుందో లేదో కొనేముందు చూసుకోండి.